లోపలి గొంతు వినండి



మన సంగీతంలో పదిమంది కలిసి పాడినా స్వరం ఒకటే. పాశ్చాత్యుల బృందగానం అలా కాదు. సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని నాలుగు గొంతులు ఒకే మాటను ఒకేసారి వేర్వేరు స్వరాల మీద పలుకుతాయి. పక్కన ఏ వాద్యమూ లేకుండా అలా పాడితే దాన్ని ఎ కపెల్లా అంటారు. మన చర్చీల్లోనూ క్రిస్మస్ రోజుల్లో ఇలా భాగాలుగా పాడే బృందాలున్నాయి.

పైగొంతు పాడేది అందరికీ గుర్తుంటుంది. ఆల్టో మాత్రం పప్పులో ఉప్పులాంటిది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, లేనప్పుడు తెలుస్తుంది. ఆ భాగం పాడే ఆవిడ ఊరు మారినా, వయసు మీరి మానుకున్నా, పాటలో ఆ భాగం ఆవిడతోనే పోతుంది. అచ్చులో లేని పాటైతే మళ్ళీ దొరకదు. అందుకే చెవితో విని రాసుకోవడం నేర్చుకుందాం అంటున్నాను.

"మాకెక్కడ వస్తుందండీ?" అనకండి. సరళీస్వరాలు పాడుకున్న చెవి చాలు.

ముందు పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసుకోండి. ఆధార షడ్జమం పట్టుకోండి. చాలా పాటల్లో బాస్ ఆఖరున నిలిచేది దానిమీదే. వాద్యం తోడు లేదు కనుక పాడగా పాడగా శ్రుతి కాస్త దిగిపోవచ్చు. ప్రతి చరణానికీ షడ్జమం సరిచూసుకోండి.

తర్వాత పైగొంతు ఒక్కటే రాయండి. ఆ పైన బాస్ రాయండి. మధ్య గొంతులు చివరికి ఉంచండి. పైన గాంధారం, కింద షడ్జమం ఉన్నాయనుకోండి, మధ్యలో పంచమం ఉండవచ్చు. అలాగని ఊహించి రాసెయ్యకూడదు సుమా! ఆ పంచమాన్ని మీరు ఒకసారి సన్నగా పాడి ఆపండి. అప్పుడు రికార్డు పెట్టి, లోపల ఎవరైనా ఆ స్వరం పట్టుకున్నారేమో వినండి.

ఇక్కడొక మాయ ఉంది. తంబూరా మీటితే ఎవరూ పాడని గాంధారం వినిపిస్తుంది కదా! అలాగే బాస్ షడ్జమం నిండుగా పలికితే పంచమం ఛాయ వినిపించవచ్చు. ఛాయ ఎప్పుడూ బాస్‌ను అంటిపెట్టుకునే కదులుతుంది. మనిషి గొంతుకైతే తన దారి తనకుంటుంది. కాబట్టి ఒక్క స్వరం విని తేల్చకండి, అది తర్వాత ఎక్కడికి నడుస్తుందో చూడండి.

1770లో పద్నాలుగేళ్ళ మొజార్ట్ రోములోని సిస్టీన్ చాపెల్‌లో అల్లేగ్రీ రచించిన మిజెరేరె విన్నాడు. రెండు బృందాలు, తొమ్మిది గొంతులు, వాద్యం లేదు. బసకు వచ్చి మొత్తం రాసేశాడు. ఆ సంగతి తండ్రి ఉత్తరంలో ఇంటి దగ్గరున్న భార్యకు తెలియజేశాడు. అంతటివాడూ మరోసారి వెళ్ళి విని దిద్దుకున్నాడని చెబుతారు. మనం ఇరవైసార్లు వింటే చిన్నతనం ఏముంది?

రాసినదాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి పాడి చూడండి. పొరపాటున్న చోటు చెవికి తగులుతుంది. మీ బృందంలో ఏళ్ళ తరబడి ఆల్టో పాడుతున్న పెద్దావిడ ఉంటే, ఆవిడ భాగం ఒక్కటీ విడిగా పాడించి రికార్డు చేసుకోండి. ఈ వారమే వెళ్ళండి. ఒక్క పాట చాలు. రేపు మీ అమ్మాయి ఆ పుస్తకం తెరిస్తే, ఆ పెద్దావిడ గొంతు నడిచిన దారి అందులో ఉంటుంది.

సెలవు.