కత్తితో తెగిన ముడి
(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

 

"మాస్టారూ, మళ్ళీ ఒక ఇడియమ్ చెప్పండి" అని మీలో కొందరు అడిగారు. పదో తరగతిలో రోజుకొకటి బోర్డు మీద రాసేవాణ్ని కదా! ఈ రోజు 'కట్ ద గోర్డియన్ నాట్'.

గోర్డియమ్ ఫ్రిజియా రాజ్యానికి రాజధాని. ఇప్పటి టర్కీలో, అంకారాకు పడమరన ఉంది. అక్కడ ఒక పాత బండి కాడిని చెట్టు బెరడు తాడుతో కట్టి ఉంచారు. ఆ ముడికి కొస కనిపించదు. దాన్ని విప్పినవాడే ఆసియాను ఏలుతాడని నమ్మకం. క్రీ.పూ. 333లో అలెగ్జాండర్ వచ్చాడు. కొస దొరక్కపోయేసరికి కత్తి దూసి నరికేశాడు.

ఎవరికీ కొరుకుడుపడని సమస్యను ఒక్క సాహస నిర్ణయంతో తేల్చేస్తే ఈ మాట వాడతారు. ఏళ్ల తరబడి నలుగుతున్న ఆస్తి తగాదాలో అన్నగారు తన వాటా వదులుకుంటే, అది సరైన వాడుక. సైకిల్ పంక్చర్ వేయిస్తే కాదు! మనకూ చిక్కుముడి ఉంది. కానీ మనం దాన్ని విప్పాలంటాం, నరకాలనం.

తరగతిలో ఇంతవరకే చెప్పేవాణ్ని. మిగతా సగం ఇప్పుడు చెబుతాను. చరిత్రకారుడు ఆరియన్ రెండో కథనం కూడా రాశాడు. అది అలెగ్జాండర్ వెంట నడిచిన అరిస్టోబులస్ చెప్పింది. దాని ప్రకారం ఆయన కత్తి దూయలేదు. ముడిని పట్టి ఉంచిన చీలను నొగలోంచి లాగి, కాడిని విడదీశాడు. ఏది నిజమో ఆరియన్ తేల్చలేదు.

నా సంగతి చెప్పాలి. ఒక అబ్బాయి రోజూ మొదటి పీరియడ్‌కి ఆలస్యంగా వచ్చేవాడు. తిట్టాను, బయట నిలబెట్టాను. చివరికి "రేపటినుంచి నా క్లాసుకు రావద్దు" అన్నాను. సమస్య తీరిందనుకున్నాను. వాడు బడే మానేశాడు. తండ్రి మంచాన పడితే, తెల్లవారుజామున ఇంటింటికీ పాలు పోసి వస్తున్నాడని తర్వాత తెలిసింది. "ఎందుకురా ఆలస్యం?" అని ఒక్కసారి అడిగి ఉంటే చీల దొరికేది. నేను కత్తి తీశాను.

ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ముందు చీల ఎక్కడుందో వెతకండి.

ఆ అబ్బాయి ఎక్కడున్నాడో ఈ సభలో ఎవరికైనా తెలిస్తే, వెళ్లేలోపు నాకు చెప్పండి. ఒకసారి చూడాలని ఉంది.

సెలవు.