ఇనుగుర్తి పత్రిక, ఇంటి అటక

మహబూబాబాద్ జిల్లా కురవి శాసనం వెయ్యేళ్ల నాటిది. భూపాలపల్లి దగ్గరి గణపురం కోటగుళ్లు కాకతీయుల నాటివి. రాయి ఎండకూ వానకూ ఓర్చుకుంది. కాగితం సంగతి వేరు.

కురవికి ఎంతో దూరం లేని ఇనుగుర్తిలో 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ వారపత్రిక మొదలుపెట్టారు. రాజ్యమంతా ఉర్దూలో నడిచే నిజాం కాలంలో, ఒక పల్లెలో సొంత ముద్రణాలయం పెట్టి తెలుగు పత్రిక తేవడమంటే మాటలా!

ఇప్పుడైతే 1954 నాటి చట్టం ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం తాలూకు ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. 1956లో పత్రికలనూ అందులో చేర్చారు. ‘తెనుగు’కు ఆ అండ లేదు. పైగా పత్రికల కాగితం చెక్కగుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లం దాన్ని లోపలినుంచే తినేస్తుంది. కాగితం పసుపెక్కి, మడత దగ్గర పొడిపొడి అవుతుంది.

సర్కారు దస్తావేజులకు హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖ భాండాగారం ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలే అక్కడ లక్షన్నరకు పైగా ఉన్నాయి. మన జనగామ, మహబూబాబాద్ ఇళ్లలోని పత్రికలు, ఉత్తరాలు, పట్టాలు మాత్రం అటకల మీదే.

అలాంటి కాగితాల కట్ట దొరికితే టేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. ఒకసారి చేస్తే విడదీయడం కష్టం. మడతలు మెల్లగా విప్పి, నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. తూకానికి అమ్మేముందు జిల్లా గ్రంథాలయంలో ఒకసారి చూపించండి.