తెర నల్లబడిననాడు



మార్కాపురము పేరు వినగానే తెలుగునాట పెద్దవారికి మొదట స్ఫురించునది పలక. ఈ నేలనుండి తవ్వి తీసిన నల్లరాతిని పొరలుగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రములు బిగించి పంపిన పలకలపై ఎన్ని తరముల బిడ్డలు ఓనమాలు దిద్దుకొనిరో లెక్కింపనలవి కాదు. నేడు మీసేవా కేంద్రములోను, ఎరువుల దుకాణములోను, పలకల ఫ్యాక్టరీలోని లెక్కల గదిలో సైతము కంప్యూటరు తెర నిలిచినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఆరంభమైన పిదప పల్లెలకును అది నిత్యావసరమైనది. పింఛను కాగితమునకై వచ్చిన ముదుసలి ఎదుట నిలిచియుండగా ఆ తెర హఠాత్తుగా నల్లబడి, నడుమ “నో సిగ్నల్” అను రెండు ముక్కలు చూపి, క్షణకాలమునకు అవియును మాయమైనచో ఏమి చేయవలెనో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఆ రెండు ముక్కలను వ్రాయుచున్నది మానిటరే యని మొదట గ్రహింపుడు. దానికి కరెంటు అందుచున్నది, లోని దీపము వెలుగుచున్నది, అక్షరము చూపగల శక్తియు నిలిచియున్నది; కంప్యూటరునుండి రావలసిన బొమ్మ మాత్రము రాకున్నది. కొన్నేండ్ల క్రిందట మా యింటి మానిటరు ఇట్లే నల్లబడగా, దానిని బస్సులో మోసికొనిపోయి ఒక దుకాణమున చూపితిని. లోపలి బోర్డు పోయినదని వారు చెప్పగా నమ్మి, క్రొత్తది కొనితెచ్చి బిగింపగా, అదియును అదే మాట చూపినది. తుదకు కంప్యూటరును మానిటరును కలుపు తీగను మార్చినంతనే పాతదియు క్రొత్తదియు రెండును నిక్షేపముగా పనిచేసినవి. ఆ నెల మా యింట ఎన్ని ఖర్చులు ఆగిపోయినవో నాకు తెలియును. ఆ నష్టము మరియొకరికి కలుగరాదనియే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

కాబట్టి ముందుగా కీబోర్డుమీది క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడుడు. దాని చిన్నదీపము వెలిగి ఆరుచున్నచో కంప్యూటరు మెలకువగానే యున్నదనియు, బొమ్మ దారిలో తప్పిపోయినదనియు అర్థము. విండోస్ యంత్రమైనచో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను ఒక్కసారి నొక్కినయెడల బొమ్మ పంపు సాఫ్టువేరు తిరిగి మేల్కొనును. కొన్నిసార్లు తెర వెంటనే వెలుగును. వెలుగనిచో మానిటరు అంచునగల మీటలతో అది ఏ రంధ్రమువైపు చెవియొగ్గి యున్నదో చూడుడు. తీగ హెచ్‌డీఎంఐలో నుండగా మానిటరు వీజీఏకై ఎదురుచూచుచుండుట మిక్కిలి సామాన్యము.

పిదప తీగ. దానిని రెండు కొనలయందును పూర్తిగా ఊడదీసి, తిరిగి లోనికంట నొక్కవలెను. పైపైన కదిలించి సరిపెట్టుకొనరాదు. వీజీఏ తీగకు మూడు వరుసలలో 15 పిన్నులుండును. అందొకటి లేకున్నను బెదరకుడు. తొమ్మిదవ పిన్ను తయారీలోనే విడిచిపెట్టుట కద్దు. వంగిన పిన్ను మాత్రము నిజమైన దోషమే. సీపీయూ పెట్టెకు వెనుక బొమ్మ పంపు రంధ్రములు రెండు చోట్ల నున్నచో, అనగా విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించియున్నచో, తీగను ఆ కార్డుకే తగిలింపవలెను. తుడిచి సర్దిన తరువాత తీగను పొరపాటున మదర్‌బోర్డు రంధ్రములో పెట్టి, యంత్రము చెడెనని దిగులుపడినవారిని పలువురను చూచితిని.

ఇక మన ప్రాంతపు ప్రత్యేక శత్రువు పలకపొడి. దానిని రోజంతయు పీల్చు కార్మికుల ఊపిరితిత్తులకు కలుగు కీడు ముందు యంత్రమునకు కలుగునది యేపాటిది? ముక్కునకు గుడ్డయైన లేక రాతిని కోయువారిని తలచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. అయినను యంత్రమును గురించియు చెప్పకతప్పదు. ఆ సన్నని బూడిదరంగు ధూళి సీపీయూలోని ఫ్యానురెక్కలకు పట్టి గాలిని అడ్డగించుటచే, నడివేసవిలో అరగంట పనిచేయగానే లోపలి భాగములు వేడెక్కి బొమ్మ ఆగిపోవును. చల్లబడిన పిదప మరల వచ్చును. ఇట్లు వచ్చి పోవుచున్నచో దోషము వేడిమియందే యని అనుమానింపుడు. ప్లగ్గు ఊడదీసి, మెత్తని కుంచెతో ధూళిని దులుపుడు. నోటితో ఊదరాదు, తుంపర పడును. తెరనైతే పొడిగుడ్డతో రుద్దనే కూడదు. రాతిరేణువులు దానిపై గీతలు గీయును.

కరెంటు పోయి వచ్చుటయు మనకు నిత్యానుభవమే. కంప్యూటరు మేల్కొనునప్పుడు, తనకు తగిలించిన మానిటరు ఏ కొలతల బొమ్మను చూపగలదో తీగద్వారా దానినే అడిగి తెలిసికొనును. కరెంటు తడబడినప్పుడు ఆ ప్రశ్నోత్తరములు చెడి, బొమ్మ నిలిచిపోవుటయు కలదు. రెండింటి ప్లగ్గులను ఊడదీసి, సీపీయూ మీటను అరనిమిషము నొక్కిపట్టి, లోపల మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, మొదట మానిటరును పిదప కంప్యూటరును వెలిగింపుడు. అప్పటికిని రాక, సీపీయూ కూతలు కూయుచున్నచో ర్యామ్ ముక్క కదలినదేమో యని చూపింపవలెను.

ఇంట రెండవ మానిటరు లేదని విచారింపనక్కరలేదు. టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రమున్నచో కంప్యూటరును దానికి తగిలింపుడు. బొమ్మ వచ్చినయెడల కంప్యూటరు నిర్దోషి; తగిలించినది అదే తీగయైనచో తీగయు నిర్దోషియే. మానిటరుమీద ఏ యక్షరమును రానప్పుడు మాత్రము, చీకటిలో టార్చిదీపమును ఏటవాలుగా తెరపై పట్టి చూడుడు. బొమ్మ మసకగా కనబడినచో వెనుకదీపము పోయినదన్నమాట. అది మెకానిక్కు పని. మానిటరు వెనుకమూతను మీరు విప్పకుడు. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు.

రాచర్ల, కొమరోలు, తర్లుపాడు వంటి చోట్లనుండి మార్కాపురమునకో గిద్దలూరునకో రిపేరుకై బయలుదేరువారికి నా మనవి ఒక్కటే: మానిటరును మాత్రమే తీసికొనిపోకుడు. సీపీయూను, మీరు వాడు ఆ తీగనే వెంట తీసికొనిపోయి, మీ కన్నులయెదుట కలిపి వెలిగించి చూపుమని అడుగుడు.