కోపం వెనుక ఏముంది?

(బోగోలులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాదానం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన జేబును కాపాడింది. మనసు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఈ రోజు నేను మాట్లాడదలచింది దాని గురించే.

నేను బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనరుగా చేరి ఫైర్‌మన్ అయినవాణ్ణి. బాయిలరులో ఆవిరి హద్దు మీరితే సేఫ్టీ వాల్వు కేక పెట్టేది. ఆ కేక ఊరంతటికీ వినిపించేది. కాని అసలు ప్రమాదం నీళ్లు తగ్గిపోవడంలో ఉంది. దానికి చప్పుడుండదు. గేజి గ్లాసు వంక మనమే చూస్తూ ఉండాలి. చూడకపోతే ఫైర్‌బాక్సు పైరేకు మాడి, బాయిలరుకే ముప్పు వస్తుంది.

ఇంజను దగ్గర తెలిసిన ఈ సంగతి ఇంట్లో నాకు తెలియలేదు.

రిటైరైన తర్వాత ప్రతిదానికీ కోపమే. కాఫీ ఆలస్యమైతే కోపం, పేపరు మడత నలిగితే కోపం. పై ఊళ్లో ఉండే మా అబ్బాయి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఒక ఆదివారం చేయలేదు. ఆ పై రెండు వారాలు వాడు చేసినా నేను ఎత్తలేదు. అప్పుడు నా భార్య, "మీది కోపం కాదండీ, దిగులు" అన్నది. ఆ మాటకు ఇంకా మండిపడ్డాను. రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే, ఆమె నా గేజి గ్లాసు చూసి చెప్పిందని అర్థమైంది. వీళ్లకు ఇక నేను అక్కరలేదేమో అన్న భయం నాది.

తెల్లవారి నేనే ఫోన్ చేశాను. "నువ్వు మాట్లాడకపోతే నాకు దిగులుగా ఉంటుందిరా" అన్నాను. అట్లాంటి మాట వాడితో అనడం అదే మొదలు. వాడు కాసేపు పలకలేదు. తర్వాత, "నాన్నా, ఉద్యోగం పోయి రెండు నెలలైంది. కోప్పడతావని చెప్పలేదు" అన్నాడు. సలహా చెప్పబోయి ఆగాను. గంటసేపు వాడు చెప్పింది విన్నాను.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లీబర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మలోని ముఖంలో కనిపించే భావానికి పేరు పెట్టి చెప్పినప్పుడు, మెదడులో భయాన్ని రేపే భాగం ఉద్రేకం తగ్గిందని అందులో తేలింది. మన తెలుగులో అట్లాంటి పేర్లకు కొదవా? దిగులు, బెంగ, గుబులు, ఉక్రోషం, అలక, విసుగు. అన్నిటినీ కోపం అనే ఒక్క పేరుతోనే పిలుస్తున్నాం. పేరు తెలిస్తే మందు తెలుస్తుంది. బెంగకు మనిషి కావాలి. విసుగుకు పని కావాలి. ఉక్రోషానికి తప్పు ఒప్పుకోవడమే మందు.

ఒక హెచ్చరిక. దిగులు రెండు వారాలు దాటి, నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకుండా పోతే అది జబ్బు. బీపీ, షుగరులాగే దానికీ వైద్యం ఉంది. సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించుకోండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా ఒక్క మనవి. బతికే ఉన్నామని ఏటా నవంబరులో ధ్రువపత్రం ఇస్తున్నాం. ఇంట్లోవాళ్లకు అట్లాంటి ధ్రువపత్రం ఎప్పుడిచ్చాం? ఈ రాత్రి ఇంటికి వెళ్లి, మీ మనసులో ఉన్నదేదో దాని అసలు పేరుతో ఒక్కరికి చెప్పండి. తర్వాత వాళ్ల మనసులో ఏముందో అడిగి, అడ్డు రాకుండా వినండి.