సీబీ రేడియోలో మన మాట అవతలికి వెళ్లట్లేదా? ముందు యాంటెన్నా చూడండి!

ఈ రోజు ఎపిసోడ్‌లో ట్రక్కులో ఉండే సీబీ రేడియో గురించి, ముఖ్యంగా దాని యాంటెన్నా గురించి మాట్లాడుకుందాం. నేను యాంటెన్నా సంగతి వదిలేసి, రేడియోనే మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాణ్ని. మీరు ఆ తప్పు చేయొద్దు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. ఇక్కడ అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 చానెళ్లు ఉంటాయి. లైసెన్స్ తీసుకోనక్కర్లేదు, ఏఎంలో పవర్ మాత్రం 4 వాట్లు దాటకూడదు. ట్రక్కు డ్రైవర్లు ఎక్కువగా 19లో ఉంటారు, 9 ఎమర్జెన్సీకి. "చేతిలో ఫోన్ ఉండగా ఇదెందుకన్నా?" అని మీరడగొచ్చు. మీ వెనక మైలు దూరంలో వస్తున్న డ్రైవర్ నంబర్ మీ దగ్గర ఉంటుందా? ఉండదు కదా. అందుకే ఇది.

ఒక చలికాలం రాత్రి అమరిల్లో నుంచి ఆల్బుకర్కీ వెళ్తున్నాను, ఐ-40 మీద. ముందున్న డ్రైవరెవరో 19లో చెప్పాడు, వంతెన మీద మంచు గడ్డకట్టింది, ఒక ట్రైలర్ అడ్డం తిరిగింది, మెల్లగా రండి అని. ఆ మాట విని స్పీడ్ తగ్గించి, జాగ్రత్తగా ఆపగలిగాను. ఇప్పుడు నా వెనకవాళ్లకు చెప్పడం నా వంతు. మైక్ తీసి మూడుసార్లు చెప్పాను. జవాబు లేదు. అద్దంలో చూస్తే హెడ్‌లైట్లు వేగంగా దగ్గరికొస్తున్నాయి. ఆ బండి జారుతూ జారుతూ వచ్చి నా ట్రైలర్‌కి కొన్ని అడుగుల దూరంలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. ఆ డ్రైవర్ దిగొచ్చాక అడిగాను, నీ సీబీ ఆన్‌లో లేదా అని. "ఆన్‌లోనే ఉంది, నీ గొంతే రాలేదు" అన్నాడు.

నాకు అందరి మాటలూ వినిపిస్తున్నాయి కాబట్టి యాంటెన్నా బాగానే ఉందనుకున్నా. కొత్త రేడియో కొన్నాను. మళ్లీ అదే కథ! చివరికి ఒక ట్రక్ స్టాప్‌లో పెద్దాయన, పంజాబీ డ్రైవర్, నా బాధ విని నవ్వాడు. "బేటా, ఆ కడ్డీ సగం యాంటెన్నానే. మిగతా సగం నీ బండి" అన్నాడు. "అంటే ఏంటి పాజీ?" అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు.

సీబీ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు కడ్డీ పెట్టాలన్నా దాదాపు రెండుముప్పావు మీటర్లు కావాలి. మనం పెట్టే పొట్టి కడ్డీల్లో ఆ తక్కువను సరిచేయడానికి తీగచుట్ట ఉంటుంది. ఏదైనా సరే, బండి లోహపు బాడీతో కలిస్తేనే పూర్తి యాంటెన్నా. ఆ కలయిక సరిగ్గా లేకపోతే, మనం పంపిన పవర్‌లో చాలా భాగం వెనక్కి తిరిగొస్తుంది. దగ్గరివాళ్ల మాట ఎలాగోలా వినిపిస్తుంది, మన మాట మాత్రం దూరం పోదు. నన్ను మోసం చేసింది అదే.

సరే, ఎలా చెక్ చేయాలో చూద్దాం.

మొదటిది, కళ్లతో చూడడం. కేబుల్ తలుపు సందులో నలిగిందా? కనెక్టర్ వదులైందా? మౌంట్ దగ్గర తుప్పు, నీళ్లు ఉన్నాయా?

రెండోది, మల్టీమీటర్. రేడియో నుంచి కేబుల్ ఊడదీయండి, కడ్డీ కూడా విప్పండి. కేబుల్ మధ్య పిన్ నుంచి కడ్డీ బిగించే బోల్ట్ వరకు బీప్ రావాలి. మధ్య పిన్‌కీ బయటి లోహానికీ మధ్య బీప్ రాకూడదు. వస్తే షార్ట్ అన్నమాట. కేబుల్ నలిగి ఉండాలి, లేదంటే మౌంట్‌లో నైలాన్ వాషర్ పోయి ఉండాలి. తర్వాత మౌంట్ నుంచి చాసిస్‌కి కొలవండి. దాదాపు సున్నా ఓమ్స్ చూపించాలి. నా బండిలో అక్కడే దొరికింది దొంగ! అద్దం బ్రాకెట్ కింద పెయింట్ ఉంది, అసలు కనెక్షనే లేదు. పెయింట్ గీకి, స్టార్ వాషర్ వేసి, బ్రాకెట్ నుంచి తలుపుకి, తలుపు నుంచి క్యాబిన్ బాడీకి అల్లిక తీగ బిగించాం.

మూడోది, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్. వెనక్కి తిరిగొచ్చే పవర్ ఎంతో ఇది చెప్తుంది. దీన్ని రేడియోకీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య పెట్టాలి. బండిని ఖాళీ స్థలంలో ఆపి, తలుపులు మూసి, 1, 19, 40 చానెళ్లలో కొలవండి. 1.5 లోపు ఉంటే చాలా మంచిది, 2 లోపు ఫర్వాలేదు. 3 దాటితే మైక్ నొక్కొద్దు, రేడియో పాడయ్యే ప్రమాదం ఉంది. అన్నిట్లోనూ ఎక్కువుంటే గ్రౌండ్ గానీ కేబుల్ గానీ అనుమానించండి. 40లో ఎక్కువ, 1లో తక్కువ ఉంటే కడ్డీ పొడవెక్కువ, తగ్గించాలి. 1లో ఎక్కువ, 40లో తక్కువ ఉంటే పెంచాలి. కొనమీద స్క్రూ ఉంటే కొంచెం కొంచెంగా తిప్పండి, తొందరపడి కోయకండి. నాది మూడు చానెళ్లలోనూ 3 పైన ఉండేది. గ్రౌండ్ సరిచేశాక ఒక్కసారిగా 2 కిందికి వచ్చింది. కొన సర్దితే 1.4.

ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. అక్కడి రూల్స్ వేరు. ఇక్కడి సెట్ తీసుకెళ్లి బిగించే ముందు అవి చూసుకోండి.

ఆ రాత్రి నాకెవరో చెప్పారు కాబట్టి నేను ఆగాను. నా వెనకతనికి నేను చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు బండి కదిలే ముందు 19లో "రేడియో చెక్" అంటాను. నాకు వినిపిస్తే సరిపోదు, అవతలి నుంచి జవాబు రావాలి. వచ్చాకే గేర్ వేస్తాను.

మీరూ ఒకసారి చెక్ చేసుకోండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి. ఉంటాను!