పింఛను తనిఖీకి పిలుపు వస్తే

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన 2025లో ఊరూరా మాటైంది. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద వారికి నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. అది అనర్హులకు పోకూడదన్నది ప్రభుత్వం మాట. న్యాయమే. కానీ గ్రామ, వార్డు సచివాలయం నుంచి నోటీసు వచ్చిందంటే అర్హుల గుండె కూడా గుభేలుమంటుంది.

నోటీసు వచ్చినంత మాత్రాన పింఛను రద్దయినట్టు కాదు. పరీక్షకు రమ్మన్నదైతే ముందు ఆసుపత్రి పేరు, తేదీ చూసుకోండి. వైకల్య శాతం చూపే సదరం సర్టిఫికెట్, ఆధార్, పాత రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు దగ్గర పెట్టుకోండి. జిరాక్సులే ఇవ్వండి, అసలువి చేజారనివ్వొద్దు.

చిక్కంతా డాక్టరు ముందే. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. "ఎలా ఉన్నావు పెద్దాయనా?" అంటే "బాగానే ఉన్నానండీ, నడుస్తున్నాను" అనేస్తారు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఆ మాటే చెప్పండి. స్నానానికి ఎవరో సాయం పట్టాలంటే అదీ చెప్పండి. ఉన్నది దాచొద్దు, లేనిది కలపొద్దు.

ఈ తనిఖీల్లో మంచాన ఉన్నవారి ఇళ్లకు మాత్రం వైద్య బృందాలే వెళ్లాయి, అది మెచ్చుకోదగ్గ పని.

వైకల్యం 40 శాతం లోపేనని పరీక్షలో తేలితే దివ్యాంగ పింఛనుకు అర్హత ఉండదు. అరవై దాటినవారు వృద్ధాప్య పింఛను సంగతి అడగాలి. నిర్ణయం తప్పనిపిస్తే పల్లెల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకోండి. ఆలస్యం చేయకండి, రశీదు తీసుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.