తూకము ఎవరిది?

(తణుకులో విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గోదావరి డెల్టాలో పిల్లవాని చదువు ముగియకమునుపే ఇంటింట కెనడా, ఆస్ట్రేలియాల మాట వినవచ్చుచున్నది. ఆ దేశములు నిపుణులైన పనివారిని ఎంచుకొను పద్ధతికి పాయింట్ల పద్ధతి యని పేరు. దాని గుణదోషములను నిష్పక్షపాతముగ విచారింపుమని మీరు కోరితిరి. అట్లే చేయుదుము.

మొదట గుణము. 1901 మొదలు 1958 వరకు ఆస్ట్రేలియా ద్వారమున ఒక పరీక్ష యుండెడిది. అధికారి తనకు తోచిన భాషలో ఏబది మాటలు చదివి వ్రాయుమనును. తెల్లవాడు కానివాడు తప్పవలెననుటయే దాని యుద్దేశము. 1914లో కోమగటమారు నౌకలో వచ్చిన మన సోదరులలో మిక్కిలి మందిని కెనడా వాంకూవరు రేవునుండియే వెనుకకు మరలించెను. ఆ కెనడాయే 1967లో జాతివర్ణములను విడిచి, చదువు, వయస్సు, భాష, వృత్త్యనుభవము మున్నగువానికి పాయింట్లు కట్టి మనుష్యుని ఎంచుకొనుట కారంభించెను. ఇది ముందడుగే. కాదనుట అన్యాయము.

ఇక దోషము. చెరకుబండిని కాటామీదికి తోలిన రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సరకు మనది, కాటా కొనువానిది. తరుగు నిర్ణయించువాడును అతడే. కెనడాలో 2015 నుండి నడచుచున్న పట్టికలో మొత్తము 1200 పాయింట్లు. తోడు రాని ఒంటరి యభ్యర్థికి 20 మొదలు 29 ఏండ్లవరకు వయస్సునకు 110 పాయింట్లు. 40వ యేట 50. 45వ యేట సున్న. ఆస్ట్రేలియాలో 65 పాయింట్లు కనీసము. అవి వచ్చినంతమాత్రమున పిలుపు రాదు. ఆనాటి పోటీని బట్టి పిలుతురు. వరుసలో వేచియుండగనే వయస్సు పెరుగును, పాయింట్లు తరుగును. కెనడాకు వ్రాసిన భాషాపరీక్ష ఫలితమునకు రెండేండ్లకే కాలము చెల్లును.

అదియునుగాక నియమము స్థిరము కాదు. ఉద్యోగపు హామీకి ఇచ్చుచుండిన అదనపు పాయింట్లను కెనడా 2025 మార్చిలో తీసివేసెను. దొంగ హామీల వ్యాపారమును అరికట్టుటకే యని చెప్పిరి. మంచిదే. కాని నిజమైన హామీ గలవాడును దొంగతోపాటు నష్టపోయెను. అప్పటికే పొలము తాకట్టుపెట్టిన తండ్రి ఎవరితో మొరపెట్టుకొనవలెను?

ఇంకొక చిక్కు గలదు. వైద్యునికి అతని పట్టమును చూచి కేంద్రప్రభుత్వము పాయింట్లిచ్చును. వైద్యము చేయుట కనుమతినిచ్చునది మాత్రము ఆయా రాష్ట్రముల వైద్యమండలి. రమ్మన్నవారు ఒకరు, పనికి అనుమతించువారు వేరొకరు. ఈ రెంటినడుమ చిక్కి, చదివిన చదువొకటి, చేయు పని మరొకటియై దినములు గడపువారు కలరు.

కాటాకు అందని సరకు సంగతి యేమి? మన పొరుగున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను రెండుమారులు తప్పినవారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియై, పూర్తి పట్టము దక్కక తక్కువ పట్టముతో బయటపడినవారు. బోస్టనులో ఆసుపత్రియందు రాత్రివేళ చిల్లరపనులు చేసి జీవించిరి. తరువాత వారి నేతృత్వమున లెడర్లీ సంస్థలో జరిగిన కృషినుండియే నేటికిని రోగులకు వాడుచున్న మెథోట్రెక్సేటు వెలువడెను. ఆనాటి వారి కాగితములు చూచి ఏ పట్టిక వారిని పిలిచియుండెడిది? పట్టిక గడచినదానిని లెక్కించును; రాబోవుదానిని ఎరుగదు.

ఈ జిల్లాలనుండియే కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికి పోవు ఆడపడుచు లెందరో గలరు. శిశువును పెంచుట, ముసలివారిని సాకుట నైపుణ్యము కాదా? బడిచదువు పూర్తిగాని ఆమెకు చదువు గడిలో వ్రాయునది సున్నయే.

విదేశమునుండి ధనము వచ్చుచున్నదిగదా యందురు. వచ్చుచున్నది; మేము కాదనము. ఇండ్లు లేచినవి, అప్పులు తీరినవి. అయినను తల్లి పాలు, ప్రజల పన్నులతో నిలిచిన బడి, ఇరువదియైదేండ్ల పోషణము మనవి. పంట చేతికివచ్చు వేళకు కోత పరులది. ఎక్కువ పాయింట్లు వచ్చు వయస్సే దేశమునకును ఎక్కువ పని చేయు వయస్సుగదా!

కావున పోవలదని మేము చెప్పము. పోవువాడు కన్నులు తెరచుకొని పోవలెనని చెప్పుచున్నాము. తల్లిదండ్రులారా, పిలుపు చేతికి రాకమునుపు భూమిని తాకట్టుపెట్టకుడు. విద్యార్థులారా, పాయింట్లు లెక్కించుకొనుటకు ముందు మీ వృత్తికి అక్కడ అనుమతి దొరకునో లేదో విచారించుకొనుడు. ప్రభుత్వము మన పట్టములకు ఆ దేశములలో న్యాయమైన గుర్తింపు కొరకు గట్టిగ అడుగవలెను. ఇక్కడి ప్రయోగశాలలను, ఆసుపత్రులను నిపుణుడు నిలువదగినవిగ జేయవలెను.

అన్నిటికంటె ముఖ్యము, పిలుపు రాని బిడ్డను ఇంట చులకన చేయకుడు. పరదేశపు అవసరమునకు కట్టిన లెక్క అది. మీ బిడ్డ విలువకు కట్టినది కాదు.